మంచి చెవి సాక్ష్యం

ఇంటర్వ్యూకి వచ్చిన ఐదుగురిలో ముగ్గురు లోపలికి వెళ్లొచ్చేశారు, ఇక మిగిలింది నేనూ మా బావమరిదీ, నాలుగో నంబరు వాడిది, ఐదో నంబరు నాది, ఉన్న సీటు ఒక్కటి. చెవి, ముక్కు, గొంతు వైద్యంలో పరిశోధన మాస్టర్స్‌కి ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారు, నలభై దాటినవాళ్లని తీసుకోరు, నాకు నలభై నిండటానికి నాలుగు నెలలుంది, కాబట్టి ఈ మూడోసారే నాకు ఆఖరిసారి. వాడికి ముప్పై. ఇది మొదటిసారి, ఇప్పుడు రాకపోయినా ఇంకో తొమ్మిదిసార్లు ప్రయత్నించుకోవచ్చు, అయినా ఇప్పుడే వస్తుంది, నాకు తెలుసు, అలాంటివాడు. దరఖాస్తు ఎలా నింపాలో నేర్పింది నేనే, సిఫారసు ఉత్తరాలు ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పింది నేనే, ఫొటో వెనక పేరు రాయమని గుర్తు చేసింది కూడా నేనే, రాయకపోతే తిరగ్గొడతారు, నాకు మొదటిసారి అలాగే తిరగ్గొట్టారు, కనీసం ఆ ఒక్క ముక్కయినా వాడికి చెప్పకుండా ఉండాల్సింది. బెంచీ మీద ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు వదిలి అక్కడ నా సంచి పెట్టాను. వాడు ఆ సంచి తీసి ఒళ్లో పెట్టుకుని దగ్గరికి జరిగాడు. “పడిపోతుంది బావా” అన్నాడు. నేను గోడ గడియారం వైపు చూశాను, పదకొండూ ఐదు, లోపల పెద్దలు టీ తాగుతున్నారు, ఇంకో అరగంట పడుతుందని గుమాస్తా చెప్పి వెళ్లాడు.

దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు, మరి బావ ఏం కోరతాడో ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను, బావ కుళ్లుకుంటాడు. అసూయ అంటే అదేదో పెద్ద విషయంలా ఉంటుంది, నాది అంత పెద్దది కూడా కాదు, చిన్న చిన్న వాటికే కుళ్లు, సాయంత్రం దాకా వాడి చొక్కా నలగనందుకు, డాక్టరై ఉండి కూడా వాడి రాత చదవగలిగేట్టు ఉన్నందుకు, చెవిలోకి సూది దించేటప్పుడు వాడి చెయ్యి కొంచెమైనా కదలనందుకు. ఆరేళ్ల కిందట మా ఆవిడ, “తమ్ముణ్ణి మీ దగ్గర పెట్టుకోండి, నాలుగు ముక్కలు నేర్చుకుంటాడు” అంది, పెట్టుకున్నాను, చెవి పట్టుకుని ఎటు లాగితే లోపల దారి తిన్నగా కనిపిస్తుందో ఈ చేతులతోనే చూపించాను, ఏకులా వచ్చి మేకై కూర్చున్నాడు. ఒకసారి మూడేళ్ల పాప ముక్కులో పూస దూర్చుకుంది. నేను కొక్కెంతో మూడుసార్లు ప్రయత్నించాను, పాప గింజుకుంటోంది, పూస ఇంకా లోపలికి పోతోంది, మత్తు ఇవ్వాలేమో అంటున్నాను, వీడు పక్కనుంచి వచ్చి, అమ్మా, రెండో రంధ్రం వేలితో మూసి పాప నోట్లో నోరు పెట్టి గట్టిగా ఊదండి అన్నాడు. ఆ తల్లి ఊదింది. నీలం పూస, టప్పున వచ్చి నా కోటుకి తగిలి కింద పడింది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా నర్సమ్మ నవ్వుతూ అంది, చెవుల డాక్టరు దగ్గర ఆ సామెత భలే కుదిరిందనుకుంది కాబోలు, అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, ఇంటికెళ్లాక అన్నం సహించలేదు. ఆ వారం నుంచే చీటీ రాయించుకునే కిటికీ దగ్గర జనం, “చిన్న డాక్టరుకి రాయండి” అనడం మొదలుపెట్టారు. నేను పెద్ద డాక్టర్ని. నా గది ముందు కుర్చీలు ఖాళీగా ఉండేవి, దానికీ నవ్వుతూ, హమ్మయ్య, కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాను అనేవాణ్ణి.

ఇంట్లో వాడు ఇప్పటికీ చిన్నోడే. చిన్నోడు వచ్చాడంటే మా ఆవిడ గొంతే మారిపోతుంది, నాకు పదేళ్లుగా చెప్పని సంగతులు వాడికి గుమ్మంలోనే చెప్పేస్తుంది. ఇద్దరం ఒకే సీటుకి దరఖాస్తు పెట్టామని తెలిసిన రోజు నేను భయపడుతూ కూర్చుంటే, ఆవిడ బట్టలు మడతపెడుతూ, “ఎవరికొచ్చినా మనింటికే కదండీ” అంది. ఎంత తేలిగ్గా అంది. పెళ్లయి పన్నెండేళ్లు, ఒక్కసారి, ఒక్కసారి మీకే రావాలండీ అని ఉంటే ఈ బెంచీ మీద ఇంత మండేది కాదు. పోయిన ఆదివారం మధ్యాహ్నం వాడు తన పరిశోధన ప్రతిపాదన తెచ్చి నా ముందు పెట్టాడు, పది పేజీలు, పైన ఒక ఎర్ర పెన్ను. “నువ్వు దిద్దితేనే పంపిస్తాను బావా” అన్నాడు. ఆసుపత్రిలో సార్ అంటాడు, మీరు అంటాడు, ఇంటి గుమ్మం దాటగానే బావా, నువ్వు, ఆ తేడా కూడా ఎప్పుడూ తప్పడు. నేను చదవడం మొదలుపెట్టాను, మొదటి పేజీ బాగుంది, రెండోది ఇంకా బాగుంది, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోయినవాళ్ల గురించి, చెవిలోకి ఇచ్చే ఇంజెక్షను ఎన్ని రోజుల్లోపు ఇస్తే పనిచేస్తుందని, మా ఆసుపత్రి పాత ఫైళ్లు తిరగేసి రాశాడు. ఆ ఫైళ్లుండే బీరువా పన్నెండేళ్లుగా నా గది పక్కనే ఉంది, రోజూ దాని మీద నా టిఫిన్ డబ్బా పెట్టేవాణ్ణి. రెండు అక్షర దోషాలు దొరికితే వాటి చుట్టూ కావలసినదానికంటే పెద్ద సున్నాలు చుట్టాను.

ఆరో పేజీలో దొరికింది. అదేమిటో చెప్పాలంటే జోరీగ సంగతి చెప్పాలి. రెండు చెవులూ ఒకే తలకి ఉంటాయి, అదీ చిక్కు. చచ్చిన చెవిలో శబ్దం గట్టిగా పెడితే అది పుర్రె ఎముక గుండా అవతలి మంచి చెవికి చేరుతుంది, వినికిడి పరీక్షకి గాజు గదిలో కూర్చున్న మనిషికి ఏ చెవితో విన్నాడో తెలియదు, వినపడింది కదా అని బొత్తాం నొక్కుతాడు, గ్రాఫులో మాత్రం చచ్చిన చెవి సగం బతికొచ్చినట్టు గీత పడుతుంది. అంటే మంచి చెవి చెడ్డ చెవి తరఫున దొంగ సాక్ష్యం చెబుతుందన్నమాట. అలా చెప్పకుండా మంచి చెవిలో గుయ్యిమనే రొద ఒకటి పెట్టి దాన్ని ఆ గొడవలో ముంచాలి. ఆ రొదని మా విభాగంలో జోరీగ అంటాం, జోరీగ పెట్టి చేసిన గ్రాఫు పక్కన పెన్నుతో ‘జో’ అని రాస్తాం, ఎన్నాళ్ల నుంచో ఉన్న అలవాటు. ఆరో పేజీలో వాడు వేసిన పట్టిక ప్రకారం ఆలస్యంగా వచ్చినవాళ్లలో కూడా పద్నాలుగు మందికి సగం వినికిడి తిరిగొచ్చింది, కింద ఆ పద్నాలుగు మంది గ్రాఫులూ చిన్నవి చేసి అతికించాడు, చికిత్సకి ముందు తీసిన వాటన్నిటి పక్కనా ‘జో’ ఉంది. చికిత్స తర్వాత తీసిన వాటి పక్కన ఒక్కదానికీ లేదు. తిరిగొచ్చింది వినికిడి కాదు, అవతలి చెవి చెప్పిన అబద్ధం. వీడు, చెయ్యి వణకనివాడు, పూస ఊదించినవాడు, పసివాడు కూడా పట్టుకునే తప్పు చూసుకోకుండా దాటేశాడు. నా ఒంట్లోకి ఎంత హాయి వచ్చిందో చెప్పలేను, ఎండలో తిరిగొచ్చి చల్లటి గచ్చు మీద పడుకున్నట్టు. అక్కడితో చదవడం ఆపేశాను, మిగతా నాలుగు పేజీలూ ఊరికే తిప్పి, కాగితాలు బల్లకేసి తట్టి సరిచేసి ఇచ్చేశాను.

“మిగతా పేజీల్లో తప్పులేం లేవా బావా?” అన్నాడు. లేవన్నాను. “తొమ్మిదో పేజీ అలాగే ఉంచనా? నీకేం ఇబ్బంది లేదు కదా?” అన్నాడు, తల వంచుకుని అడిగాడు, నా కళ్లలోకి చూడలేదు, నాతో పోటీకి దిగి పైగా నీకు ఇబ్బందా అని పలకరింపు ఒకటా అని ఒళ్లు మండింది. “నాకేం ఇబ్బంది, భేషుగ్గా ఉంది, ఉంచుకో” అన్నాను. వాడు కాగితాలు ఫైల్లో పెట్టుకున్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు, ఎప్పుడూ అలా వేసేవాడు కాదు. మా ఆవిడ టీ తెచ్చి, “బాగుందాండీ చిన్నోడు రాసింది?” అంటే, చాలా బాగుంది అన్నాను, నిజంగా సంతోషంగానే అన్నాను, ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో పెద్దాయన వినికిడి పరీక్షల మీదే తల నెరిసిన మనిషి, ఆరో పేజీ మీద ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో, అప్పుడు వీడి మొహం ఎలా ఉంటుందో వారం రోజులుగా స్నానం చేస్తూ, షేవింగ్ చేసుకుంటూ, బస్సులో నిలబడి ఊహించుకుంటూనే ఉన్నాను, ప్రతిసారీ ఆ ఊహ చివర వాడు బయటికొచ్చి తలుపు మెల్లగా వేస్తాడు.

గుమాస్తా మళ్లీ వచ్చాడు, పాత ఫైళ్ల ఆధారంగా రాసినవాళ్లు అసలు కాగితాలు చూపించాలట, లెక్క సరిపోయిందో లేదో చూసి ముద్ర వేస్తాడట. చిన్నోడు అట్ట ఫైలు తెరిచి ఒక్కొక్కటీ తీసి నా మోకాళ్ల మీదుగా అందిస్తున్నాడు. ప్రతిపాదనలో రోగుల పేర్లూ తేదీలూ కనపడకూడదన్నది నియమం, అందుకే జిరాక్సు తీసేటప్పుడు కింది మూల కప్పేశాడు, పేరూ తేదీ పరీక్ష చేసినవాళ్ల సంతకం అన్నీ ఆ మూలలోనే ఉంటాయి. ఇప్పుడు ఆ మూలలన్నీ నా కళ్ల ముందు నుంచి వెళ్తున్నాయి. ఊదా సిరా. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది, ‘జో’ లేని అన్నిటి మీదా ఊదా సిరా, ఒక వంకర గీత, చివర చుక్క. మా విభాగంలో ఊదా సిరా వాడేవాడు ఒక్కడే, మా ఆవిడ కొనిచ్చిన పెన్ను, ఇప్పుడు కూడా నా చొక్కా జేబులో ఉంది. ముద్రలు వేస్తున్న గుమాస్తాకి ఆ గీత ఎవరిదో తెలియదు, లోపలివాళ్లకీ తెలియదు, నాకు తెలుసు. వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది, ఆరేళ్లుగా ఆ గీత పక్కనే కదా వాడూ సంతకం పెడుతున్నాడు.

పోయినేడు ఆ రెండు నెలలు. వినికిడి పరీక్షలు చేసే అమ్మాయి ప్రసవానికి సెలవు పెట్టింది, ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవాలంటే నేనే చెయ్యెత్తాను, అందరూ అయ్యో పాపం అన్నారు, ఎంత మంచివాడో అన్నారు. మంచీ లేదు మన్నూ లేదు, గాజు గది బయట కుర్చీ దగ్గర చప్పుడుండదు, తలుపు వేసుకుంటే ఎవరూ రారు, రెండోసారి రాస్తున్న ఈ సీటు పరీక్షకి అంతకంటే మంచి చోటు దొరకదు. ఎడమ చేత్తో మీట నొక్కుతూ ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదివేవాణ్ణి, జోరీగ పెట్టాలంటే ప్రతి మెట్టుకీ రొద పెంచుతూ లెక్క చూసుకుంటూ ఉండాలి, కళ్లు పుస్తకం మీదుంటే కుదరదు. అవతల దీపం వెలిగిందా, బొత్తాం నొక్కాడు, సరే, తర్వాతి వాళ్లు. ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు, పొట్టి మనిషి, ఖాకీ చొక్కా పై బొత్తాం ఊడిపోయి ఉండేది. గ్రాఫు చేతికిచ్చి సగం నయమైందని చెబితే అక్కడే నిలబడ్డాడు. “నాకు వినపడట్లేదు సార్, ఎడమ పక్క నుంచి హారను కొట్టినా తెలియట్లేదు” అన్నాడు. వినపడుతోందని కాగితం చెబుతోంది కదయ్యా, అలవాటు కావాలి, మెల్లగా తెలుస్తుందిలే అన్నాను, వేలు పేజీ మధ్యలో పెట్టుకుని అన్నాను. ఆయన కాగితాన్ని నమ్మాడు. తన చెవిని కాదని నా కాగితాన్ని నమ్మి, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బస్సు నడపడానికి వెళ్లిపోయాడు. ఆ ఏడు సీటు నాకు రాలేదు.

గుమాస్తా ఆఖరి ముద్ర వేసి కాగితాలు తిరిగిచ్చాడు, పదకొండూ నలభై. ఇంకో రెండు నిమిషాలు వాడు నా పక్కనే ఉంటాడు. చెప్పేయొచ్చు, ఒరేయ్, ఆరో పేజీ, ఆ పద్నాలుగూ తప్పు, లోపలికెళ్లగానే నువ్వే ముందు చెప్పేయ్, వాళ్లు పట్టుకునేలోపు చెబితే మెచ్చుకుంటారు. ఇంతే, ఇరవై మాటలు కూడా లేవు. కానీ చెబితే వాడు ఆ సంతకం నీదే కదా బావా అనకుండా ఉంటాడా, చెప్పకపోతే సీటు నాది, వాడి మొహం మీద పడే మసి నా పెన్నులోదని ఎవరికీ తెలియదు. నా కుళ్లూ నా భయమూ చెరో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాయి. గుమాస్తా నాలుగో నంబరు పిలిచాడు. వాడు లేచి నా వైపు తిరిగి, “ఏమైనా చెప్పాలా బావా?” అన్నాడు. నోరు తెరిచాను, గొంతులో మాట ఉంది, గొంతు డాక్టర్ని, అది ఎక్కడ ఆగిందో కూడా చెప్పగలను. “కాలరు సరిచేసుకో” అన్నాను. వాడు సరిచేసుకుని, ఫైలూ నా సంచీ నా ఒళ్లో పెట్టి, లోపలికి వెళ్లి తలుపు మెల్లగా వేశాడు.

సంచి పైన ఫైల్లో వాడి ప్రతిపాదన ఉంది, ఎర్ర సున్నాలు చుట్టినది, నేను దిద్దిన ప్రతిని దాచుకున్నాడు. చేతులకి పని కావాలి కాబట్టి తిప్పాను. ఏడో పేజీ మొదట్లోనే, పైన చెప్పిన పద్నాలుగు ఫలితాలనూ నమ్మలేము అని ఉంది. చదివిందే మళ్లీ చదివాను. వాటిలో జోరీగ పెట్టినట్టు గుర్తు లేదు కాబట్టి ఇవి మంచి చెవి ఇచ్చిన జవాబులు కావచ్చు, అందరినీ మళ్లీ పిలిచి పరీక్షించాలి, ఇలాంటి తప్పులు ఎన్ని ఆసుపత్రుల బీరువాల్లో ఎన్ని చికిత్సలకి లేని పేరు తెచ్చిపెట్టాయో తేల్చడమే ఈ పరిశోధన. ఎనిమిదో పేజీ అంతా ఎలా తేల్చాలన్నది. తొమ్మిదో పేజీలో, ఇప్పటికే ముగ్గురిని వెతికి పిలిపించామనీ, ముగ్గురికీ ఆ చెవి ఏమాత్రం వినపడటం లేదనీ, వారిలో ఒకరు బస్సు డ్రైవరనీ, పరీక్ష తర్వాత ఆయన్ను డిపోలో వేరే పనికి మార్పించామనీ ఉంది. కింద ఇంకొక్క వాక్యం, ఈ పరీక్షలు జరిగిన రెండు నెలలూ పరీక్షకుడు సెలవులో ఉన్నవారి పని అదనంగా చేస్తున్నారు, తప్పు ఒక మనిషిది కాదు. తొమ్మిదో పేజీ అలాగే ఉంచనా, నీకేం ఇబ్బంది లేదు కదా. నా భుజం మీద ఆ చెయ్యి. నేను చదివాననుకున్నాడు, చదివి, నా తప్పు ఊరందరి ముందు పడుతుందని తెలిసి కూడా ఉంచుకో అన్నాననుకున్నాడు, వారం రోజులుగా ఆసుపత్రి నడవాలో ఎదురుపడినప్పుడల్లా వాడు నన్ను చూసిన చూపు ఏమిటో ఇప్పుడు తెలిసింది, అది గౌరవం. సిగ్గుపడాలి, పడ్డాను కూడా, కానీ ఉన్నమాట చెబుతున్నాను, సిగ్గు కంటే ముందు వచ్చింది కుళ్లే, తప్పు పట్టుకోవడంలో కూడా వీడు నాకంటే మూడు పేజీలు ముందున్నాడు.

తలుపు తెరుచుకుంది. వాడి మొహం ఎర్రగా ఉంది, చెమట పట్టింది, కాలరు మళ్లీ పక్కకి పోయింది. “పరీక్షలు చేసిందెవరని రెండుసార్లు అడిగారు బావా” అన్నాడు మెల్లగా. “పేరుతో పని లేదండీ, రోజుకి అరవై మందికి ఒక్క మనిషిని కూర్చోబెడితే ఎవరికైనా ఇంతే అన్నాను. పెద్దాయనకి నచ్చలేదు. పేరు దాచేవాడు పరిశోధన ఏం చేస్తాడు అన్నాడు. పోనీలే.” నా పక్కన కూర్చుని ఊపిరి వదిలాడు. “నీకు భయం లేదు, వెళ్లు. నువ్వు ఆ పేజీ చదివి కూడా ఉంచమన్నావు చూడు, నీ స్థానంలో నేనుంటే అనేవాణ్ణి కాదు. ఇంట్లో అక్కకి కూడా అదే చెప్పాను.” గుమాస్తా ఐదో నంబరు పిలిచాడు. నేను లేచాను, సంచి కింద పడింది, వాడే తీశాడు.

లోపల మూడు కుర్చీలు, ఒక పొడవాటి బల్ల, ఖాళీ టీ కప్పులు, వాటి పక్కన నా ప్రతిపాదన, దాని పక్కనే ఇంకా మూయని వాడి తొమ్మిదో పేజీ. పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి, కూర్చోండి, మీ అనుభవం గురించి చెప్పండి అన్నాడు. పన్నెండేళ్ల అనుభవం, మూడేళ్లుగా బట్టీపట్టిన నాలుగు వాక్యాలు, నాలుక చివరే ఉన్నాయి. మొదటి వాక్యం మొదలుపెడితే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయి, సీటు కూడా వస్తుంది, వాడు ఇప్పుడే దాన్ని పేరు దాచి పోగొట్టుకుని బయట నా సంచి పట్టుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్తాను, మా ఆవిడ చూస్తుంది, చిన్నోడు నాకోసం వదులుకున్నాడని ఆమెకి తెలుస్తుంది, వాడు చెప్పకపోయినా తెలుస్తుంది, నేను ఆ సీటులో కూర్చున్నన్నాళ్లూ అది వాడి మంచితనంలో కూర్చోవడమే. ఇక్కడ కూడా మంచి చెవిలా నా తరఫున వాడే బొత్తాం నొక్కాడు. ఇప్పుడు నేను చేసింది చూసి ఎవరైనా మంచితనం అంటే నమ్మకండి. వాడు నాకంటే మంచివాడు కావడాన్ని నేను ఓర్చుకోలేకపోయాను, అంతే.

“ఆ పద్నాలుగు పరీక్షలూ చేసింది నేనేనండి” అన్నాను. జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాను, ఎందుకు పెట్టానో తెలియదు. పెద్దాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. “ఆయన చెప్పినట్టు రోజుకి అరవై మంది వచ్చేవాళ్లా?” అన్నాడు. “లేదండీ, ఆ పరీక్షకి పది మంది కూడా వచ్చేవాళ్లు కాదు” అన్నాను. “మరి అంత తీరిక ఉండి జోరీగ ఎందుకు పెట్టలేదు?” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

“చదువుకుంటున్నానండి” అన్నాను. “ఈ సీటు కోసమే.”